దెయ్యం కనిపించని దెయ్యాల కొంప: ‘ది హాంటింగ్’ ఎలా తీశారు? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం కొందరం అప్పుడప్పుడూ కలిసి పాత సినిమాలు చూస్తుంటాం. ఎడిటింగ్‌లో ఉన్నవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, సినిమాతో ఏ సంబంధమూ లేని బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు అందరూ వస్తారు. నేను సౌండ్ ఎఫెక్ట్స్ పని చేస్తాను. చూసిన వాటన్నిటిలో జనం ఎక్కువ ప్రశ్నలు వేసింది 1963లో వచ్చిన ‘ది హాంటింగ్’ మీద. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కథలోని కీలకమైన విషయాలు, ముగింపుతో సహా, ఇందులో ఉన్నాయి. చూడనివాళ్లు ముందు సినిమా చూసి రండి.

ఇంతకీ కథేమిటి?

అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో హిల్ హౌస్ అని తొంభై ఏళ్ల బంగళా. కట్టించినవాడి మొదటి భార్య ఆ ఇంటి గేటు దాటి లోపలికి వస్తూనే బండి చెట్టుకు గుద్దుకుని చనిపోతుంది. రెండో భార్య మెట్ల మీద నుంచి పడి చనిపోతుంది. డాక్టర్ మార్క్‌వే అనే పరిశోధకుడు ఆ ఇంట్లో ఏముందో తేల్చుకుందామని కొందరిని పిలిస్తే ఇద్దరు అమ్మాయిలు వస్తారు: ఎలినార్, థియోడోరా. ఇంటికి వారసుడు కాబోయే ల్యూక్ వాళ్లతో ఉంటాడు.

కథంతా ఎలినార్‌ది. మంచం పట్టిన తల్లికి పదకొండేళ్లు సేవ చేసిన మనిషి. తల్లికి ఏం కావాలన్నా గోడ మీద కొట్టి పిలిచేది. ఒక రాత్రి ఆ చప్పుడుకు ఎలినార్ లేవలేదు. తల్లి చనిపోయింది. హిల్ హౌస్‌లో మొదటి రాత్రి గోడల మీద దబదబా చప్పుడు మొదలైనప్పుడు ఎలినార్ నిద్రమత్తులో వస్తున్నానమ్మా అన్నట్టు పలుకుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే సినిమాలో శబ్దానికి అంత చోటు ఎందుకిచ్చారో అర్థమైపోతుంది.

చివరిదాకా చూశాం, దెయ్యం ఏదండీ?

లేదు. ఒక్క ఫ్రేములో కూడా చూపించలేదు. డబ్బు చాలక కాదు, మొదటి నుంచీ అదే నిర్ణయం. కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్, సౌండ్ వాళ్లు అందరూ ఆ ఒక్క నిర్ణయానికి కట్టుబడి పనిచేశారు కాబట్టే అరవై ఏళ్లు దాటినా ఈ సినిమా పాతబడలేదు. తెర మీద దెయ్యం మేకప్ ఎంత బాగున్నా పదేళ్లకు మేకప్‌లాగే కనిపిస్తుంది. తలుపు అవతల ఏముందో చూపించకపోతే, ఆ ఖాళీలో ఎవరి భయం వాళ్లు నింపుకుంటారు.

దర్శకుడు ఎవరు? అంతకుముందు దెయ్యం సినిమాలు తీశాడా?

రాబర్ట్ వైజ్. దీనికి ముందు ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961), దీని తరవాత ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ (1965). రెండు భారీ మ్యూజికల్స్ మధ్య ఇంత చిన్న సినిమా ఏమిటని అందరూ ఆశ్చర్యపోతారు. కానీ ఆయన పుట్టింది ఈ బడిలోనే. ఆర్.కె.ఓ. స్టూడియోలో సౌండ్, మ్యూజిక్ ఎడిటింగ్ గదుల్లో పని నేర్చుకున్నాడు. ఆ తరవాత పిక్చర్ ఎడిటర్ అయ్యాడు. 1941 నాటి ‘సిటిజన్ కేన్’కు ఎడిటర్ ఆయనే. దర్శకుడిగా తొలి అవకాశం ఇచ్చింది నిర్మాత వాల్ లూటన్. చిన్న బడ్జెట్‌లో నీడలతో, చప్పుళ్లతో భయపెట్టడం లూటన్ పద్ధతి. ఆయన దగ్గర వైజ్ 1944, 1945లో తీసిన భయానక చిత్రాలు చూస్తే ‘ది హాంటింగ్’కు విత్తనం అక్కడే పడిందని తెలుస్తుంది.

శబ్దం నుంచి వచ్చిన మనిషి దర్శకుడైతే ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

నవల ఆధారమా?

అవును. షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల. పత్రికలో సమీక్ష చూసి వైజ్ పుస్తకం తెప్పించుకున్నాడు. ఆఫీసులో కూర్చుని బాగా భయపెట్టే ఘట్టం చదువుతుండగా రచయిత నెల్సన్ గిడ్డింగ్ ఏదో అడగడానికి తలుపు తోసుకుని లోపలికొచ్చాడట. వైజ్ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. చదువుతుంటేనే ఇలా ఉంటే తెర మీద ఇంకెలా ఉంటుందో అనుకుని సినిమాకు సిద్ధపడ్డాడు.

స్క్రీన్‌ప్లే గిడ్డింగ్ రాశాడు. రాస్తున్నప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది: ఇదంతా ఎలినార్ మనసు చెదిరి ఊహించుకుంటున్నదేమో, హిల్ హౌస్ నిజానికి ఒక పిచ్చాసుపత్రేమో! వైజ్, గిడ్డింగ్ వెళ్లి జాక్సన్‌ను కలిశారు. ఆలోచన బాగుంది గానీ తను రాసింది మాత్రం మానవాతీత శక్తుల గురించేనని ఆవిడ చెప్పింది. అయినా గిడ్డింగ్ ఊహ సినిమాలో పూర్తిగా పోలేదు. ఎలినార్ మనసులోని మాటలు మనకు వినిపిస్తూనే ఉంటాయి. ఆ గొంతు ఎంత దగ్గరగా వినిపిస్తుందంటే, ఇంటిని నమ్మాలో ఆమెను నమ్మాలో తేల్చుకోలేం.

కథ అమెరికాలో జరిగితే షూటింగ్ ఇంగ్లండ్‌లో ఎందుకు?

డబ్బు. అమెరికాలో తీస్తే సుమారు 14 లక్షల డాలర్లు అవుతుందని లెక్క తేలింది. డబ్బు పెట్టే నిర్మాణ సంస్థ ఎం.జి.ఎం. 10 లక్షలు మించి ఇవ్వనంది. ఇంగ్లండ్‌లో బోర్‌హమ్‌వుడ్‌లో అదే కంపెనీకి అప్పట్లో స్టూడియో ఉండేది. అక్కడివాళ్లు స్క్రిప్టు చూసి 10.5 లక్షల్లో చేయవచ్చన్నారు. కథను మాత్రం న్యూ ఇంగ్లండ్‌లోనే ఉంచారు.

నటుల్లో ఎక్కువమంది ఇంగ్లీషువాళ్లు కావడం కూడా అందుకే. మార్క్‌వే భార్యగా చివర్లో వచ్చే లోయిస్ మాక్స్‌వెల్‌ను జేమ్స్ బాండ్ సినిమాల్లో మనీపెన్నీగా చాలామంది గుర్తుపడతారు.

ఆ బంగళా నిజంగా ఉందా?

బయట కనిపించేది నిజం ఇల్లే. వార్విక్‌షైర్‌లో, షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ ఊరికి దగ్గర్లో ఉన్న ఎటింగ్టన్ పార్క్. పాత వంశం ఇల్లు. ఇప్పుడున్న గోతిక్ రూపం 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. ఇప్పుడది హోటల్. గదులు, కారిడార్లు, లైబ్రరీ మాత్రం అన్నీ బోర్‌హమ్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్లు. ఆర్ట్ డైరెక్టర్ ఎలియట్ స్కాట్.

దెయ్యాల ఇల్లంటే చీకటిగా, బూజుపట్టి ఉండాలి కదా? లోపల అంత వెలుతురేమిటి?

బాగా గమనించారు. స్కాట్ కావాలనే ఆ దారిన పోలేదు. గదులు వెలుగ్గా ఉంటాయి. బరువైన కర్టెన్లు, చెక్కిన కుర్చీలు, అద్దాలు, బొమ్మలు, గోడల మీద ఖాళీ లేకుండా నగిషీ. కన్ను ఎక్కడా నిలవదు. కాసేపటికి ఆ ఫర్నిచరే మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది.

ఇంకో సంగతి: సెట్లకు పైకప్పు వేశారు. మామూలుగా సెట్‌కు పైన కప్పు ఉండదు, ఎందుకంటే లైట్లు అక్కడి నుంచే వేలాడదీయాలి. కప్పు వేస్తే లైటింగ్ వాళ్లకు తలనొప్పి. అయినా వేశారు. కెమెరా కిందకు దించి పైకి చూపిస్తే మనుషుల తలల మీద కప్పు అదుముతున్నట్టు వస్తుంది. ‘సిటిజన్ కేన్’లోనూ కప్పున్న సెట్లు కనిపిస్తాయి. ఆ రీళ్లను తన చేత్తో కోసి అతికించిన మనిషికి కప్పు విలువ తెలుసు.

గోడలు వంగినట్టు కనిపిస్తాయి. అది సెట్టా, కెమెరానా?

కెమెరా. వైజ్‌కు వైడ్ స్క్రీన్‌లో బాగా వెడల్పయిన లెన్స్ కావాలి. అప్పట్లో పానావిజన్ దగ్గర దొరికేది 40 మిల్లీమీటర్ల దాకానే (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఇంకా వెడల్పుగా చూపిస్తుంది). ఇంకా వెడల్పయింది ఏమైనా ఉందా అని ఆ కంపెనీ అధిపతి రాబర్ట్ గాట్‌షాక్‌ను అడిగితే, 30 మిల్లీమీటర్ల లెన్స్ తయారవుతోంది గానీ ఇంకా సిద్ధం కాలేదు, అంచుల్లో బొమ్మ వంకరపోతోందన్నాడు. నాకు కావలసింది అదే అన్నాడు వైజ్. లోపం ఉందని తెలిసే తీసుకుంటున్నానని కాగితం మీద సంతకం పెడితేనే లెన్స్ ఇచ్చారు.

ఆ లెన్స్‌తో కారిడార్ ఉన్నదానికంటే పొడుగ్గా, తలుపుల చట్రాలు కొంచెం ఒరిగినట్టు వస్తాయి. కెమెరా వైపు నడిచొచ్చే మనిషి రెండడుగుల్లో మీద పడినట్టు ఉంటుంది. కథలో కూడా ఆ ఇంట్లో ఒక్క మూల కూడా సరిగ్గా లంబంగా లేదని మార్క్‌వే చెబుతాడు. కంపెనీకి లోపంగా అనిపించింది ఈ ఇంటికి అచ్చంగా సరిపోయింది. ఛాయాగ్రాహకుడు డేవిస్ బౌల్టన్. ఆయన పేరు తక్కువమందికి తెలియడం నాకు బాధగా ఉంటుంది.

బయటి షాట్లలో ఆకాశం అంత నల్లగా ఎలా వచ్చింది?

కొన్ని షాట్లకు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము వాడారు. ఆ ఫిల్ము మీద నీలాకాశం దాదాపు నల్లగా పడుతుంది, ఆకులు తెల్లగా పాలిపోతాయి. ఎటింగ్టన్ రాళ్లలోని చారలు కూడా పైకి తేలి గోడ ఏదో జంతువు చర్మంలా కనిపిస్తుంది. పగలో రాత్రో చెప్పలేని వెలుతురు అది.

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మా వాళ్లలో పెద్దలు మార్కస్ బార్ట్‌లీని తలుచుకుంటారు. 1957లో ‘మాయాబజార్’ కోసం ఇదే వడపళనిలో, వాహినీ ఫ్లోర్ మీద, లైట్లతో వెన్నెల కాయించిన కెమెరామన్. ఆ స్థలంలో ఇప్పుడు మాల్, ఆసుపత్రి ఉన్నాయి. ఆయన వెన్నెల మనసుకు హాయినిస్తే బౌల్టన్ పగలు గుబులు పుట్టిస్తుంది. ఇద్దరిదీ నలుపు తెలుపుల మీద ఉన్న పట్టే.

ఆ చప్పుళ్లు! వాటి గురించి చెప్పండి.

అందరికంటే ముందు నేను చెప్పాలనుకున్నది ఇదే.

మొదటి రాత్రి సీను తీసుకోండి. ఎలినార్, థియో ఒకే గదిలో మంచం మీద ఒకరినొకరు పట్టుకుని ఉంటారు. దూరంగా కారిడార్ చివర ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. ఏదో బరువైనది గోడల మీద గుద్దుకుంటూ, ఒక్కో తలుపూ వెతుక్కుంటూ వస్తున్నట్టు. కెమెరా ఆ ఇద్దరి ముఖాల మీద, ఖాళీ గోడ మీద, తలుపు మీద తిరుగుతుంది. చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో తలుపు పిడిని ఎవరో తడుముతున్నట్టు చిన్న కదలిక. తెర మీద మనం చూసిందల్లా ఇద్దరు ఆడవాళ్లు, ఒక తలుపు, అంతే.

మామూలుగా ఇలాంటి సీన్లు ఎలా తీస్తారో మా ఫీల్డులో అందరికీ తెలుసు. అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన నిలబడి “ఇప్పుడు చప్పుడు!” అని అరుస్తాడు, ఆర్టిస్టులు ఉలిక్కిపడతారు, అసలు శబ్దం నెలల తరవాత రీరికార్డింగ్‌లో కలుస్తుంది. వైజ్ అలా చేయలేదు. చప్పుళ్లను ముందే తయారు చేయించి సెట్లో ప్లేబ్యాక్ వేశాడు. పాటకు పెదవులు కదిపినట్టు నటులు ఆ చప్పుడుకు భయపడ్డారు. చప్పుడు ఎటు నుంచి వస్తే కళ్లు అటు తిరుగుతాయి, ఎక్కడ ఆగితే ఊపిరి అక్కడ ఆగుతుంది. రీరికార్డింగ్‌లో ఎంత కష్టపడ్డా ఆ ఊపిరి తేలేం. మ్యూజికల్ తీసొచ్చిన దర్శకుడికి ప్లేబ్యాక్ కొత్త కాదు, దాన్ని దెయ్యానికి వాడాలన్న ఆలోచనే కొత్తది.

ఇక ఆ చప్పుడు స్వభావం. రాయపేటలో పాత ఇల్లొకటి పడగొట్టబోతుంటే, ఓనర్‌గారిని అడిగి టేకు తలుపులతో కొన్ని శబ్దాలు రికార్డు చేసుకున్నాను. మైకు తలుపుకు దగ్గర పెడితే చెక్క మీద పిడికిలి చప్పుడు స్పష్టంగా వస్తుంది, కానీ భయం లేదు. అవతల ఎవరో మనిషి ఉన్నాడనిపిస్తుంది, అంతే. మైకును పక్క గదిలో పెట్టి, మధ్య తలుపు మూసి, గుడ్డ చుట్టిన పెద్ద సుత్తితో గోడను కొట్టిస్తే సంగతి మారిపోయింది. పదునంతా గోడలో ఇంకిపోయి కింది స్థాయి గుమ్మనే మోత మాత్రమే మిగిలింది. కొట్టింది చెయ్యా, తలా, దుంగా అని చెవి పోల్చుకోలేదు. సినిమాలో చప్పుడు ఈ రెండో రకం. అందుకే అంత బరువుగా తగులుతుంది.

సంగీతం హంఫ్రీ సర్ల్ అనే బ్రిటిష్ స్వరకర్తది. వియన్నాలో వెబర్న్ దగ్గర చదువుకున్నవాడు. సంగీతం ఉన్నచోట బాగుంది. చప్పుడు పని చేసేచోట దాన్ని ఆపేయడం ఇంకా బాగుంది.

తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబుకుతుంది. అది ఎలా చేశారు?

పలచని చెక్క పొరలు అతికించి చేసిన తలుపు. అవతలి వైపు బలమైన మనిషి నిలబడి గట్టిగా నెట్టాడు. అంతే, నిజంగా అంతే. నలుగురూ హాల్లో బిక్కచచ్చి కూర్చున్నప్పుడు ఆ తలుపు మధ్యలో ఉబ్బి, మళ్లీ సర్దుకుంటుంటే ఎన్నిసార్లు చూసినా నాకు చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. గ్రాఫిక్స్‌లో పనిచేసే కుర్రాళ్లు ఈ జవాబు వినగానే ఇంకోసారి వేయమని అడుగుతారు.

లైబ్రరీలో గుండ్రటి ఇనుప మెట్లు ఊగుతాయి. నటులకు ప్రమాదం లేదా?

ఆ మెట్లను ఊగేలాగే కట్టారు. మెట్లు, చేతి కమ్మీ అన్నీ మధ్య స్తంభానికి మాత్రమే బిగించారు, ఇంక దేనికీ ఆనవు. ఆ స్తంభం లోపలి నుంచి ఒకే ఒక కేబుల్. బిగిస్తే మెట్లు స్థిరంగా ఉంటాయి, వదులు చేస్తే మొత్తం ఊగుతుంది. జాగ్రత్త తీసుకున్నా ఎక్కినవాళ్లకు గుండె దడ తప్పదు, ఆ దడ కొంత తెర మీదకు వచ్చింది కూడా. కెమెరా మెలికలు తిరుగుతూ పైకి దూసుకుపోయే షాట్‌కు ఆ కమ్మీనే పట్టాలుగా వాడారు.

చీకట్లో చెయ్యి పట్టుకునే సీను?

రాత్రి గోడ అవతల గొణుగుడు, చిన్నపిల్ల ఏడుపు. గోడ మీది ఆకుల నగిషీ మీద వెలుగు నీడలు పడి, కాసేపటికి అది ముఖంలా కనిపించడం మొదలవుతుంది. అక్కడ ముఖం చెక్కి లేదు, మన కన్నే కూర్చుకుంటుంది. భయంతో ఎలినార్ థియో చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. నా చెయ్యి అంత గట్టిగా నొక్కకు అని ఎలినారే థియోతో అంటుంది. లైటు వేసేసరికి థియో గదిలో అటు చివర ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? జవాబు లేదు. ఈ సీను విడమరచి చెప్పడం నాకు ఇష్టం లేదు, చూడాల్సిందే.

ఎలినార్ పాత్రధారి జూలీ హారిస్ నిజంగానే అంత దిగులుగా ఉండేదా?

షూటింగ్ రోజుల్లో ఆవిడ డిప్రెషన్‌తో బాధపడింది. మిగతా నటులతో కలవకుండా విడిగా ఉండేది. తనంటే ఇష్టం లేదేమోనని థియోగా వేసిన క్లెయిర్ బ్లూమ్ అనుకుంది కూడా. సినిమా అయ్యాక హారిస్ ఒక కానుకతో వెళ్లి తన పరిస్థితి చెప్పుకుంది. ఆ ఒంటరితనం పాత్రకు పనికొచ్చిన మాట నిజమే. కానీ అందుకే నటన బాగుందని అంటే ఒప్పుకోను. దిగులుగా ఉండటం వేరు, ఆ దిగులును షాట్‌కు తగ్గట్టు కొలిచి ఇవ్వడం వేరు. ఆ రెండోది ఆవిడ విద్య.

రంగుల్లో తీసి ఉంటే?

వైజ్ నలుపు తెలుపే కావాలని పట్టుబట్టాడు. ఆ షరతు ఒప్పందంలో రాయించుకున్నాడు కూడా. తరవాత చాలా ఏళ్లకు దీనికి రంగులద్దాలని ప్రయత్నం జరిగినప్పుడు ఆ ఒప్పందమే అడ్డుపడింది. ఆ కాగితాన్ని జాగ్రత్త చేసినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి.

ఇది మన ‘చంద్రముఖి’ లాంటిదేనా?

పాత బంగళా, మనసు చెదిరిన ఆడమనిషి, విడమరచి చెప్పే డాక్టరు. పైకి పోలికలున్నాయి. కానీ ‘చంద్రముఖి’లో చివరికి లెక్క తేలుతుంది, జబ్బుకు పేరుంటుంది, మనిషి బాగుపడుతుంది. ఇక్కడ తేలదు. ఎలినార్‌ను ఇంటికి పంపేస్తామంటే తట్టుకోలేకపోతుంది. ఆమెకు ఆ ఇల్లు తప్ప వెళ్లడానికి చోటు లేదు. ఆమె నడుపుతున్న కారు, మొదటి భార్య బండి గుద్దుకున్న ఆ చెట్టునే గుద్దుకుంటుంది. ఇల్లు లాక్కుందా, ఆమే వెళ్లిందా అనేది చూసేవాళ్లకు వదిలేశారు.

1999లో మళ్లీ తీశారు కదా, అది చూడొచ్చా?

చూడొచ్చు. గ్రాఫిక్స్‌తో ఇంట్లో ఉన్నవన్నీ కదిలించారు. పాతది చూసిన వారంలో అది చూస్తే చూపించడం, చూపించకపోవడం మధ్య తేడా మీకే తెలుస్తుంది. దానికి మాత్రం బాగా పనికొస్తుంది.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

రక్తం, హింస లేవు. కానీ ఉరి, ఆత్మహత్య ప్రస్తావన ఉంది, ఒంటరితనం చాలా లోతుగా ఉంది. హైస్కూలు దాటిన పిల్లలైతే ఫర్వాలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి షార్ట్ ఫిల్మ్ తీయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

శబ్దంతో మొదలుపెట్టండి. స్క్రిప్టు అవ్వగానే, కెమెరా అద్దెకు తెచ్చుకోకముందే, మీ ఇంట్లో చప్పుళ్లు రికార్డు చేయండి. చెన్నైలో రాత్రి రెండింటికి కూడా పై ఫ్లాటు ఫ్యాను, నీళ్ల మోటారు, రోడ్డు మీద లారీ వినిపిస్తూనే ఉంటాయి. ఫ్రిజ్ ఆపేయండి. ఫ్లాట్లలో ప్లైవుడ్ తలుపులు డొల్లగా మోగుతాయి కాబట్టి తలుపును కాదు, పిల్లర్‌ను గానీ బాల్కనీ గోడను గానీ కొట్టించి, మైకు బెడ్‌రూములో పెట్టండి. పక్కవాళ్లకు ముందే చెప్పండి.

ఆ ట్రాకును షూటింగ్ రోజు బ్లూటూత్ స్పీకర్‌లో వేయండి, స్పీకర్‌ను తలుపు అవతల పెట్టండి. ఎన్ని దెబ్బలు పడతాయో, ఎక్కడ ఆగుతుందో నటులకు ముందు చెప్పవద్దు. డైలాగు ఉన్నచోట మాత్రం ప్లేబ్యాక్ ఆపండి, లేకపోతే మాటలు డబ్బింగ్ చెప్పించుకోవాలి. ఫోన్‌తో తీసేవాళ్లయితే దాని వైడ్ లెన్స్ వాడండి, కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టి పైకప్పు కనిపించేలా చూడండి. ట్యూబ్‌లైట్లు ఆర్పక్కర్లేదు.